చేపకు దురద పుడితే

చేపకు దురద పుడితే ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? చేతుల్లేవు. గోళ్లు లేవు. "కాస్త వీపు గోకవే" అని అడగడానికి పక్కన మనిషీ లేడు. నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లకి ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఉండదు.

రాయి వెతుక్కుంటుందండీ! మామూలుగా ఈదుతూ ఈదుతూ, ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, రాతికి ఒళ్లు సర్రున బరుక్కుని, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిపోతుంది. ఒకసారైతే పర్వాలేదు. మనకి మాత్రం పుట్టదూ? గంటలో పదిసార్లు బరుక్కుందంటే మాత్రం కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చోవాల్సిందే. ఆ పూటకి టీవీ బంద్. ఫోన్లు బంద్. వంటింట్లోంచి ఎన్ని కేకలొచ్చినా వినపడవు.

ఉప్పునీళ్లెందుకు, సుబ్బరంగా మంచినీళ్లలో గోల్డ్‌ఫిష్ పెంచుకోవచ్చుగా అంటారా? అనండి, అలవాటే. మేముండే హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్ల హాళ్లలో గోడంత టీవీలుంటాయి. మా హాల్లో గోడవార సముద్రం ముక్క ఉంటుంది. నీలం లైటు వేస్తే పగడాలు పచ్చగా, నారింజగా వెలుగుతాయి. ఒకటి వేళ్లాడిస్తుంది, ఒకటి నోరు తెరుస్తుంది, ఒకటి పక్కదాన్ని కుడుతుంది. అవును, పగడాలకీ ఇరుగుపొరుగు తగాదాలున్నాయి. హ్యామర్ పగడం రాత్రిపూట సన్నటి పొడుగాటి చేతులు చాపి పక్కింటివాణ్ణి కాల్చేస్తుంది. ఇదంతా ఎంతయింది అని మాత్రం అడక్కండి. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

అన్నట్టు, ఇది చదివి ఎవరైనా సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు బీచిలో పగడం ముక్క ఏరుకుని సంచీలో వేసుకునేరు! రీఫులు కట్టే పగడాలు 2001 నుంచీ మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న వరసే అది. తమాషా కాదు.

సరే, దురద దగ్గరికి వద్దాం. మా ట్యాంకులో ముందు బరుక్కునేది ఎప్పుడూ నీలం ట్యాంగే. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చూశారుగా, అందులో మతిమరుపు డోరీ, అదే జాతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ట్యాంకులో అంత గాభరా మనిషి మరోటి లేదు. నీళ్లలో చెయ్యి పెడితే రాళ్ల సందులో దూరుతుంది. ఒక్కోసారి పక్కకు పడుకుని చచ్చినట్టు నటిస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు అది చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అప్పుడది లేచి తాపీగా భోంచేస్తుంది. తెల్లమచ్చల జబ్బు వచ్చిందంటే ముందు అతిథి మర్యాద దీనికే. దీని చుట్టం పౌడర్ బ్లూ ట్యాంగ్ మన హిందూమహాసముద్రం పిల్లే. అది ఇంకా సుకుమారం. అదే ట్యాంకులో మాండరిన్ చేప ఉంటుంది చూడండి, ఒంటినిండా జిగురు పట్టించుకుని నింపాదిగా తిరుగుతుంది. దానికి ఒక్క చుక్క అంటడం కూడా అరుదే. అందగత్తెకి ఆరోగ్యం కూడానా! కొందరికి అన్నీ కలిసొస్తాయి లెండి.

ఇంతకీ ఈ తెల్లమచ్చలు ఏమిటి? ఉప్పు రవ్వంత తెల్ల చుక్కలు. రెక్కల మీద నాలుగు, తోక మీద రెండు. హాబీ జనం దీన్ని 'ఇక్' అంటారు. అసలు పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. 1951లో ఆ పేరు పెట్టారు. ఒకే ఒక్క కణం ఉన్న జీవి. ఆ ఒక్క కణం నడిపే కాపురం చూస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. నాకైతే అది చేప మీద ఉన్నందుకు కోపమొస్తుంది గానీ, దాని తెలివికి మాత్రం దండం పెట్టాలనిపిస్తుంది.

వినండి. ఇది సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి బాపతు. రావడంతోనే చేప చర్మం పై పొర కిందికి దూరి తిష్ఠ వేస్తుంది. మూడు రోజుల నుంచి వారం దాకా కూర్చుని తింటుంది. పొమ్మనడానికి లేదు. ఏ మందు పోసినా చర్మం కింద దానికి తగలదు. బాగా బలిసాక, చీకటి చూసుకుని, చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. మర్నాడు పొద్దున మనం లేచి చూస్తే చేప ఒళ్లు తళతళా మెరిసిపోతుంటుంది. అమ్మయ్య, వెళ్లిపోయాడు అనుకుంటాం. ఎక్కడికి వెళ్లాడు? ట్యాంకు అడుగున ఇసకలోనో, రాతి మీదో గట్టి గూడు కట్టుకుని అందులో కూర్చున్నాడు. అక్కడ ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మామూలుగా మూడు రోజుల నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లోగా గూడు పగిలి పిల్లలు బయటికొస్తాయి. ఒక్క గూట్లోంచి రెండువందల దాకా. వచ్చేదెప్పుడు? ఎక్కువగా తెల్లవారుజాము చీకట్లో. చేపలు కింద రాళ్లలో పడి నిద్రపోయే వేళ. అంటే మంచం మీదున్న మామగారి దగ్గరికి రెండువందలమంది అల్లుళ్లు ఒకేసారి! ఎలా ఉంది?

ఈ కథ తెలియకపోతే ఏమవుతుందో చెప్పనా? మచ్చలు కనపడగానే కొట్టుకు పరిగెడతాం. అక్కడ 'పగడాలకు హానిచెయ్యదు' అని పెద్దక్షరాలు వేసిన సీసా ఉంటుంది. కొంటాం, పోస్తాం. నాలుగోరోజుకి మచ్చలు మాయం. ఆహా, ఏం మందు! అని పదిమందికీ చెబుతాం. మచ్చలు ఎలాగూ పోయేవే కదండీ! మందు పోసినా పోతాయి, పొయ్యకపోయినా పోతాయి. వాటి టైమై అవి దిగిపోయాయి. రెండో విడత వచ్చేసరికి మొదటి రెండు చుక్కలు కాస్తా ఒళ్లంతా అవుతాయి. సీసా కంపెనీవాడు మాత్రం చల్లగా ఉంటాడు. పైగా మనమే మళ్లీ వెళ్లి రెండో సీసా కొంటాం.

వెల్లుల్లి సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మేతలో వెల్లుల్లి రసం కలిపితే జబ్బు పోతుందని ఓ గట్టి నమ్మకం ఉంది. కలపండి, తప్పులేదు. అలిగి తినడం మానేసిన చేప ఆ వాసనకి ఒక్కోసారి నోరు తెరుస్తుంది. ఇల్లంతా ఆవకాయ కలిపిన రోజులా ఘుమఘుమలాడుతుంది. పురుగు మాత్రం చావదు. అల్ట్రావయొలెట్ దీపమూ అంతే. దాని గుండా పోయిన నీళ్లలో ఈదే పిల్లల్ని చంపుతుంది. గూళ్లలో ఉన్నవీ చర్మంలో ఉన్నవీ దాని జోలికి రావుగా! సాయం చేస్తుంది, తీర్పు చెప్పదు.

మా మావయ్యకి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి. ఆయనకి ఫోన్లో చెప్పాను.

"ఏరా అల్లుడూ, పేను పట్టిందా?" అన్నాడు.

చెరువుల్లో చేపలకి పట్టే పేను ఆయనకి జన్మశత్రువు. అది కంటికి కనపడుతుంది, బల్లపరుపుగా ఉండి ఒంటిమీద పాకుతుంది. ఇది అది కాదు మావయ్యా, ఒకటే కణం అన్నాను.

"ఒక్క కణానికే ఇంత గోలా? మైలుతుత్తం వెయ్యి."

"వేస్తే పగడాలు చచ్చిపోతాయి మావయ్యా."

"పగడాలు ఉంగరంలో పెట్టుకునేవి కదరా, చచ్చేదేముంది?"

ఇక్కడ ఆపి, పగడం ప్రాణమున్న జంతువనీ, దానికి నోరు ఉంటుందనీ, రాత్రి పక్కింటివాణ్ణి కుడుతుందనీ చెప్పుకొచ్చేసరికి ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. అయిపోయిందనే చెప్పాడు.

నవ్వులాటకి చెప్పినా మావయ్య సలహా ఉత్తిది కాదు. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంకి చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ ఉప్పునీటి చేపల పరాన్నజీవులకి కాపర్ సల్ఫేటు వైద్యం రాశాడు. అంటే మైలుతుత్తమే! ఇవాళ్టికీ రాగే మొదటి మందు. లీటరు నీళ్లకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి. అంతకు తగ్గితే పురుగుకి దోమకుట్టినట్టు కూడా ఉండదు, మించితే చేపకే ముప్పు. అందుకని రోజూ టెస్ట్ కిట్టు పెట్టి చూసుకోవాలి. సీసాల్లో అమ్మే కొన్ని రకాల రాగికి లెక్క వేరు, లేబుల్ చదవాలి. రాగి చంపేదీ నీళ్లలో ఈదే పిల్లల్నే. అందుకే వారాల తరబడి ఉంచాలి, గూళ్లలోవి ఒక్కొక్కటే బయటికి వచ్చేదాకా.

తిరకాసు ఎక్కడొస్తుందంటే, ఆ కాస్త రాగీ పగడాలకి విషం. రొయ్యలకి విషం. నత్తలకి విషం. పైగా ట్యాంకులో రాళ్లూ ఇసకా సున్నం కదా, రాగిని పీల్చుకుంటాయి. నీళ్లలో మందు నిలవదు. రాళ్లలో ఉన్నది ఎప్పుడు వదులుతుందో దానికే ఎరుక. ఉప్పు సగానికి పైగా తగ్గించే వైద్యం ఒకటుంది, మామూలుగా 1.025 ఉండే సాంద్రతని 1.009కి దించడం. చేపలు తట్టుకుంటాయి, పురుగు చాలావరకు చస్తుంది. పగడాలూ చస్తాయి. ఆమాటకొస్తే పురుగుల్లో కొన్ని రకాలు తక్కువ ఉప్పులోనూ బతికి బట్టకట్టిన దాఖలాలున్నాయి. ఎటు తిరిగినా ఒకటే మాట. పగడాలున్న ట్యాంకులో చేపకి వైద్యం లేదు. చేపని బయటికి తీయాలి.

తీయాలి అని రాసేశాను గానీ, అబ్బో! రీఫ్ ట్యాంకులో చేపని పట్టడం చూశారా మీరు? చూడకపోతే మంచి వినోదం తప్పిపోయింది. వలేసుకుని వెళ్తాం. రోజూ చేతిలోంచి తినే చేప, వల చూడగానే మనల్ని ఎన్నడూ చూడనట్టు మొహం పెడుతుంది. రాళ్ల మధ్య దానికి పదహారు దార్లు తెలుసు, మనకి ఒక్కటీ తెలీదు. ట్యాంగుకి తోక మొదట్లో చాకులాంటి ముల్లుంటుంది. అది వలకి చిక్కుకుంటే విడదీసేసరికి చేపకీ మనకీ కూడా చెమటలు. కొందరు మహానుభావులు ఉన్న రాళ్లన్నీ పీకి బకెట్లలో పెడతారు. నా మాట వినండి. ప్లాస్టిక్ బోను ఒకటి కొని, అందులో మేత పెట్టి, తలుపు దారం చేత్తో పట్టుకుని సోఫాలో కూర్చోండి. లేదా అర్ధరాత్రి లైట్లార్పాక, నిద్రమత్తులో ఉన్నప్పుడు, టార్చి వేసి మెల్లిగా పట్టండి. రాత్రిపూట ట్యాంకు ముందు టార్చితో తచ్చాడే మనిషిని చూసి పక్కింటివాళ్లు ఏమనుకుంటారా? అనుకోనివ్వండి.

పట్టాక ఎక్కడ పెడతాం? ఖాళీ గాజుతొట్టి. ఇసక లేదు, రాయి లేదు. ఒక హీటరు, గాలి బుడగల పంపు, దాక్కోవడానికి నాలుగు పీవీసీ గొట్టాల ముక్కలు. ఎంత వికారంగా ఉంటుందో! నాకు మాత్రం ఆ తొట్టంటే వల్లమాలిన ప్రేమ. అందులో నాకు నచ్చిన ఆట ఒకటుంది, మందు చుక్క లేకుండా వైద్యం. రెండు తొట్లు పెట్టుకోవడం. మూడ్రోజులకోసారి చేపని ఒకదాన్లోంచి రెండోదాన్లోకి మార్చడం. ఖాళీ అయిన తొట్టిని, అందులోని సరంజామాతో సహా కడిగి ఎండబెట్టడం. పన్నెండు రోజులు ఇలా నడిపితే చాలు. కిటుకు అర్థమైందా? చేప మీంచి దిగిన అల్లుడు ఈ తొట్టి అడుగున గూడు కడతాడు. పిల్లలు రావడానికి తక్కువలో తక్కువ మూడు రోజులు పడుతుంది. వాళ్లు వచ్చే సమయానికి అత్తారిల్లే మారిపోయింది! ఒక్కపైసా మందు ఖర్చు లేకుండా, కేవలం క్యాలెండరు చూసుకుని శత్రువుని చిత్తు చెయ్యడంలో ఉన్న మజా చదరంగం ఆడేవాళ్లకి తెలుస్తుంది.

అయితే ఇది ఇక్‌కే. వెల్వెట్ అని ఇంకోటుంది, అమిలూడీనియం. దానితో ఆటల్లేవు. అది చుక్కలుగా కూడా కనపడదు, సన్నటి ధూళి. ముందు మొప్పల్లో కూర్చుంటుంది. చేప గబగబా ఊపిరి తీస్తూ పంపు నీటి ధారకి ఎదురుగా వెళ్లి నిలబడుతుంది, వెలుతురు పడక మూలకి పోతుంది. అప్పుడు మూడ్రోజుల లెక్కలు వెయ్యకుండా ఆ రాత్రే బయటికి తీసి రాగి మొదలెట్టండి. ఒక్కోసారి మచ్చ కనపడేలోగానే చేప పోతుంది. క్లౌన్‌చేపల ఒంటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా. దానికి రాగి పనికిరాదు, ఫార్మలిన్ కావాలి. చర్మాన్ని పట్టుకునే చదునైన పురుగులు మాత్రం పాపం సులువే. ట్యాంకు నీళ్లంత వెచ్చగా, అంతే పీహెచ్‌తో ఉన్న మంచినీళ్లలో చేపని ఐదు నిమిషాలు ఉంచితే, అప్పటిదాకా అద్దంలా కనపడకుండా ఉన్నవి తెల్లబడి టపటపా రాలతాయి. అడుగున రాలిన వాటిని చూసి మీరు "ఇన్నా!" అనకపోతే నన్నడగండి.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. "క్లీనర్ చేప వేస్తే సరిపోదా? టీవీలో చూశాం, అది మిగతా చేపల పురుగులన్నీ ఏరుకు తింటుంది" అంటారు. అబ్బ, ఎంత మంచి చేప గుర్తుచేశారు! నీలం చారల క్లీనర్ రాస్. వేలెడంత ఉంటుంది. సముద్రంలో ఓ రాయి దగ్గర దుకాణం తెరుస్తుంది. చేపలు వరసలో వచ్చి నోరు తెరిచి, రెక్కలు విప్పి నిలబడతాయి. తనని ఒక్క గుటకలో మింగెయ్యగల చేప నోట్లోకి వెళ్లి శుభ్రం చేసి బయటికొస్తుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫులో లిజార్డ్ ఐలండ్ దగ్గర అలెగ్జాండ్రా గ్రట్టర్ అనే శాస్త్రవేత్త కూర్చుని లెక్కపెట్టింది, ఒక్క క్లీనర్ రోజుకి దాదాపు 1,200 పురుగులు తింటుందట. పనిమంతుడే గానీ దొంగబుద్ధి కూడా ఉంది సుమా. దానికి పురుగులకన్నా చేప ఒంటి జిగురంటే ఇష్టం. మధ్యమధ్యలో ఓ కొరుకు కొరుకుతుంది. ఖాతాదారు చేప ఉలిక్కిపడి వెంటపడి తరుముతుంది. పక్కన ఇంకో ఖాతాదారు చూస్తుంటే మాత్రం బుద్ధిగా పనిచేస్తుంది! మన వాళ్లలో లేరూ ఇలాంటివాళ్లు, మేనేజరు వచ్చినప్పుడే కీబోర్డు టకటకలాడించేవాళ్లు.

ఇంకో సంగతి. జపాన్‌లో ఒసాకాలో మసనోరి కోహ్డా బృందం ఈ చేపకి అద్దం పరీక్ష పెట్టింది. గొంతు కింద పురుగులాంటి గోధుమరంగు మచ్చ పెట్టి అద్దం చూపించారు. అద్దంలో చూసుకుని, వెళ్లి గొంతుని నేలకేసి రుద్దుకుందండీ! 2019లో ఆ పరిశోధన అచ్చయ్యాక శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, చేపకి 'నేను' అనే ఎరుక ఉందా లేదా అని. ఇది చాలదన్నట్టు దీని వేషం కట్టే దొంగ చేప ఒకటుంది. అదే చారలు, అదే నడక. శుభ్రం చేయించుకుందామని దగ్గరికొచ్చిన చేప రెక్క కొరుక్కుని పారిపోతుంది.

ఇంత గొప్ప చేప మన ట్యాంకుకి వైద్యుడు అవుతుందా? అవదు. అది సముద్రంలో ఎక్కువగా తినేది కంటికి కనపడే రక్తం పీల్చే చిన్న పురుగుల్ని. చర్మం కింద దాక్కున్న మన అల్లుడు దాని నోటికి అందడు. పైగా ఇంట్లో రోజుకి 1,200 పురుగులు ఎక్కణ్ణుంచి తెచ్చిపెడతారు? చాలావాటి బతుకు ఆకలితోనే ముగుస్తుంది. కొనకండి. సముద్రంలో ఉండనివ్వండి. అంతగా సరదా ఉంటే ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన నియాన్ గోబీ పెట్టుకోండి, ఏ మేత వేసినా తింటుంది.

చేపలన్నీ బయట తొట్లలో ఉంటే అసలు ట్యాంకు సంగతేంటి అని అడగలేదేం? అది ఖాళీగా ఉండాలి. 76 రోజులు. ఎందుకు అంతంటే, ఓ పరిశోధనలో ఒక గూడు 72 రోజుల తర్వాత పగిలింది. దానిమీద ఇంకో నాలుగు రోజులు భయానికి కలుపుకున్నారు మనవాళ్లు. బయటికొచ్చిన పిల్లకి రెండ్రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. పగడాలూ రొయ్యలూ దానికి పనికిరావు. అదే మన అదృష్టం.

చేపల్లేని ట్యాంకు బోసిగా ఉంటుందనుకుంటున్నారు కదూ? ఒకసారి వచ్చి చూడండి. ఇన్నాళ్లూ చేపలకి జడిసి దాక్కున్నవన్నీ పట్టపగలే వీధిలోకొస్తాయి. అద్దం మీద తెల్ల చుక్కలు గంతులేస్తాయి, అవి కోపీపాడ్లు. భయపడకండి, మంచివే. రాతి కన్నంలోంచి విసనకర్ర విప్పినట్టు గొట్టపు పురుగులు తలలు విప్పుతాయి. ముళ్ల పురుగు ఒకటి మూరెడు పొడుగున బయటికొచ్చి, ఇది మా ట్యాంకులోనే ఉందా అని మనం నోరెళ్లబెట్టాక వెనక్కి తగ్గుతుంది. రొయ్య గారు జమీందారులా మధ్యలో నిలబడి మీసాలు ఊపుతారు. ఈ నెలలన్నీ నేను బాధపడ్డానని మా ఆవిడకి చెప్పాను. పూర్తిగా నిజం కాదు.

చివరిగా ఒక్కటే అడుగుతాను, కాదనకండి. కొత్త చేప కొన్నప్పుడు ముందు ఆ వికారపు తొట్టి సిద్ధం చేసుకోండి, నెలరోజులు అందులోనే ఉంచండి. కొట్లో చేప నచ్చితే డబ్బులిచ్చేముందు మేత వేసి చూపించమనండి. తినని చేపని ఎంత అందంగా ఉన్నా తెచ్చుకోకండి. మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే పక్క ట్యాంకులోదీ కొనకండి. ఎందుకంటే చాలా కొట్లలో ట్యాంకులన్నిటికీ తిరిగే నీళ్లు ఒకటే.